నల్లరేగడి పెరడు: ఇసుక కలపమంటున్నారు, పెంట చాలదా?

రేగడిపెరడు (నరసరావుపేట దగ్గర పల్లె), మే 19

సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్ల క్రితం ఊరి చివర ఇల్లు కట్టుకున్నాము. ఇంటి వెనుక 3 సెంట్ల స్థలం ఉంది. అంతకుముందు అది పత్తి వేసిన చేను, అచ్చమైన నల్లరేగడి. నిరుడు వానాకాలంలో వంగ, టమాటా, బెండ నాటాను. ఒక గట్టి వాన పడితే చాలు, రెండు రోజులు నీరు కదలకుండా నిలిచిపోయేది. వంగ మొక్కలన్నీ వేరుకుళ్లుతో పోయాయి. ఇప్పుడు ఎండలకు నేల బీటలు వారింది. కొన్ని నెర్రెల్లోకి నా చేయి మణికట్టు వరకు దిగుతోంది. తడిగా ఉన్నప్పుడు పారకు బంకలా అంటుకుంటుంది, ఎండితే గునపం కూడా దిగదు.

ఇల్లు కట్టిన మేస్త్రీ రెండు ట్రక్కుల (ట్రాక్టరు తొట్ల) ఇసుక తోలించి కలిపితే నేల గుల్లబారుతుందని అంటున్నాడు. మా నాన్నగారు మాగిన పశువుల పెంట తోలించమంటున్నారు. మట్టి పరీక్ష చేయించగా పీహెచ్ 8.3, విద్యుత్ వాహకత సాధారణం, సేంద్రియ కర్బనం 0.38 శాతం, భాస్వరం మధ్యస్థం, పొటాష్ ఎక్కువ అని వచ్చింది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? పెంట వేయాలంటే ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి? పెద్దలు దయచేసి చెప్పగలరు.

పాతనాగలి (గుంటూరు), మే 19

నాన్నగారి మాట వినండి. మేస్త్రీ గారు గోడ సంగతి చెప్పగలరు గాని నేల సంగతి కాదు.

రేగడిలో ఉండే బంకమట్టి మామూలు బంకమట్టి కాదు. దాని రేణువులు పలుచని పొరలుగా ఉంటాయి. తడి తగిలితే ఆ పొరల మధ్యకు నీరు చేరి ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుపోతాయి. మీరు చూస్తున్న నెర్రెలు ఆ ముడుచుకుపోవడం వల్ల వచ్చినవే. ఇటువంటి మట్టి స్వభావాన్ని ఇసుకతో మార్చాలంటే మొత్తంలో సగానికి మించి ఇసుకే ఉండాలి. మీ 3 సెంట్లలో పై 15 సెంటీమీటర్ల మట్టి ఒక్కటే సుమారు 18 ఘనపు మీటర్లు. అందులో రెండు ట్రక్కుల ఇసుక వేస్తే ప్రతి ఇసుక రేణువు చుట్టూ బంక పట్టుకుని, ఎండినప్పుడు ఇప్పటికంటే గట్టి గచ్చు తయారవుతుంది. పైగా ఒకసారి కలిపిన ఇసుకను మళ్లీ తీయలేరు.

సేంద్రియ పదార్థం చేసే పని వేరు. అది చివికేటప్పుడు సూక్ష్మజీవులు విడిచే జిగురు, శిలీంధ్రాల దారాలు, సన్నని వేళ్లు కలిసి బంక రేణువులను చిన్న చిన్న గుళికలుగా కూరుస్తాయి. గుళికకూ గుళికకూ మధ్య సందు మిగులుతుంది. ఆ సందుల్లోంచి నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది. రేగడిలో బంక అలాగే ఉంటుంది, దాని అమరిక మాత్రం మారుతుంది.

మీ పరీక్ష ఫలితం విషయానికి వస్తే, సేంద్రియ కర్బనం 0.5 శాతానికి లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని మన ప్రయోగశాలలు లెక్కిస్తాయి. మీది తక్కువ. పీహెచ్ 8.3 చూసి భయపడనవసరం లేదు. సున్నపు గులకలున్న రేగడిలో ఇది మామూలే. 8.5 దాటనప్పుడు, వాహకత కూడా సాధారణంగా ఉన్నప్పుడు దానిని చౌడు అనరు కాబట్టి చౌడుకు వేసే జిప్సం జోలికి పోవద్దు. మీ నేలలో భాస్వరానికి, పొటాష్‌కు పెద్ద కొదవ లేదు, అసలు కొదవ గాలికే.

ఇంకొక మాట. ఎంత పెంట వేసినా నీరు పోయే దారి లేకపోతే వంగ మళ్లీ చనిపోతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) ఆవరణలో నల్లనేల, ఎర్రనేల రెండూ ఉన్నాయి. అక్కడ నల్లనేల కోసం రూపొందించిన పద్ధతిలో వెడల్పాటి మడి, దాని పక్కన కాలువ వస్తాయి. మీరు కూడా 3 నుంచి 4 అడుగుల వెడల్పుతో, జానెడు ఎత్తుతో మడులు చేసి, మధ్య కాలువలను వాలు ఉన్న వైపు కలపండి.

డాలస్‌పెరడు (టెక్సాస్), మే 20

పాతనాగలి గారు చెప్పినదానికి నా పెరడే సాక్ష్యం. మాది ప్రకాశం జిల్లా, ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడ ఇల్లు కొన్న మొదటి వేసవిలో నెర్రెలు చూసి, మా ఊరి చేను విమానం ఎక్కి వెంట వచ్చిందా అనుకున్నాను. ఉత్తర టెక్సాస్ నల్లమట్టి, మన రేగడి శాస్త్రీయంగా ఒకే వర్గానికి చెందినవని తర్వాత తెలిసింది. హ్యూస్టన్ బ్లాక్ అనే ఆ మట్టిని టెక్సాస్ రాష్ట్ర మట్టిగా చెప్పుకుంటారు.

నేను చేసిన తప్పు ఇసుక కాదు, చెక్క పేళ్లు. చెట్లు కొట్టేవారు ఉచితంగా పోసి వెళ్లారు. పేళ్లు కూడా సేంద్రియ పదార్థమే కదా అని, మట్టిలో అడుగు లోతు వరకు తిరగేసి కలిపేశాను. ఆ ఏడాది మిరప మొక్కలు జానెడు ఎదిగి పసుపు రంగుకు తిరిగి అక్కడే ఆగిపోయాయి. పేళ్లను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, అది పేళ్లలో లేదు కాబట్టి మట్టిలోది లాగేసుకున్నాయి. మరుసటి ఏడాది అలాంటి పేళ్లనే కలపకుండా పైన మూడు అంగుళాలు పరిచినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. నెర్రెలు సగానికి తగ్గాయి, పరుపు ఎత్తి చూస్తే కింద ఎర్రలు (వానపాములు) తిరుగుతున్నాయి.

చల్కామనిషి (నల్గొండ జిల్లా), మే 20

ఈ చర్చ చదివే ఎర్రనేల వారికి ఒక హెచ్చరిక. మాది చల్కా. మాకు నీరు నిలవదు, పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది; వేసిన పెంట కూడా ఒక్క ఎండాకాలానికే కనబడకుండా పోతుంది. మా నేలకు చెరువు మట్టి బంగారం. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీసినప్పుడు మా ఊరివారు ట్రాక్టర్లతో తోలుకున్నారు. నేను పెరటికి రెండు ట్రక్కులు వేసుకున్నాను, దానితో నీరు కట్టే వ్యవధి పెరిగింది. రేగడి వారు మాత్రం మమ్మల్ని చూసి చెరువు మట్టి తోలించవద్దు. బంక ఉన్న నేలకు మళ్లీ బంకను మోయడమే అవుతుంది.

రేగడిపెరడు, మే 21

అందరికీ కృతజ్ఞతలు. ఇసుక ఆలోచన మానుకున్నాను, మేస్త్రీ గారు కొంచెం నొచ్చుకున్నారు. ఇప్పుడు నా సందేహాలు మూడు. మా ఊళ్లో పాల కేంద్రం నడిపేవారు పచ్చి పేడ చాలా తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. కలప అడితిలో రంపపు పొట్టు ఉచితం. మాగిన పెంట మాత్రం ట్రక్కు ధర బాగా పెరిగింది. పచ్చి పేడ, రంపపు పొట్టు కలిపి నేరుగా నేలలో వేసుకోవచ్చా? ఇంట్లో కట్టెల పొయ్యి బూడిద బస్తాలకొద్దీ ఉంది, అది కూడా వేయవచ్చా? మొత్తం ఎంత పరిమాణం కావాలి?

పాతనాగలి, మే 21

బూడిద వద్దు. అది క్షారం, మీ పీహెచ్ ఇప్పటికే 8.3, పొటాష్ కూడా ఎక్కువగానే ఉంది. ఎర్రనేల ఉన్న బంధువులెవరికైనా ఇవ్వండి.

లెక్కలమాస్టారు (తెనాలి), మే 22

పరిమాణం అడిగారు కాబట్టి లెక్క కట్టి చూద్దాం. సెంటు అంటే 40.5 చదరపు మీటర్లు. 15 సెంటీమీటర్ల లోతుకు మట్టి 6 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 1.3 టన్నుల చొప్పున సుమారు 8 టన్నులు. కర్బనాన్ని 0.38 నుంచి 0.78 శాతానికి తేవాలనుకుంటే 8 టన్నులలో 0.4 శాతం, అంటే సెంటుకు 32 కిలోల కర్బనం చేరాలి. తడి లెక్కలో పెంటలో 15 శాతం కర్బనం ఉందనుకుందాం. అప్పుడు సెంటుకు 210 కిలోలు కావాలి.

అయితే ఈ లెక్క వేసిన కర్బనం అంతా నేలలోనే ఉండిపోతుందని అనుకుని కట్టినది. మన ఎండలకు అందులో సగానికి పైగా మొదటి ఏడాదిలోనే బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. అందువల్ల సెంటుకు 450 కిలోలు, మీ 3 సెంట్లకు 1,350 కిలోలు పెట్టుకోండి. దాదాపు సగం ట్రక్కు నుంచి ముప్పాతిక ట్రక్కు అవుతుంది. మిగిలిన కర్బనం కూడా ఏటా కొంత కరుగుతూనే ఉంటుంది కనుక ప్రతి సంవత్సరం ఎంతో కొంత వేస్తూ ఉండవలసిందే. ఒకేసారి నాలుగు ట్రక్కులు తోలించి పని అయిపోయిందనుకునేవారు మూడో ఏడు మళ్లీ మొదటికి వస్తారు. ఇది లెక్క చెబుతున్న మాట, నా మాట కాదు.

కోనసీమకోడలు (అమలాపురం), మే 22

పచ్చి పేడ విషయంలో నా అనుభవం చెబుతాను. పెరట్లో కొబ్బరి చెట్లకు దగ్గరగా పేడకుప్ప వేసి, మాగుతుందిలే అని ఏడాది పాటు కదపకుండా వదిలేశాము. ఆ కుప్పలో కొమ్ము పురుగు గుడ్లు పెట్టింది. కుప్ప తిరగేస్తే బొటనవేలంత తెల్ల పురుగులు దోసిళ్లకొద్దీ వచ్చాయి. రెండు చిన్న కొబ్బరి మొక్కల మొవ్వు తినేసింది. అప్పటినుంచి కుప్పను నెలకొకసారి తిరగేసి, కనబడిన పురుగును ఏరి కోళ్లకు వేస్తున్నాము. మెటారైజియం అనే శిలీంధ్రపు పొడిని కూడా కుప్పలో కలుపుతున్నాము. కొబ్బరి పొట్టు వేద్దామనుకునేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పీచు మిల్లు నుంచి తెచ్చిన పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడగకుండా మొక్కకు వేయకూడదు.

పాతనాగలి, మే 23

రేగడిపెరడు గారూ, పచ్చి పేడ, రంపపు పొట్టు రెండూ మంచివే, కాని నేరుగా నేలలో కాదు, కుప్పలో. పేడలో నత్రజనికి 20 రెట్లు కర్బనం ఉంటే, రంపపు పొట్టులో 200 నుంచి 500 రెట్లు ఉంటుంది. వరిగడ్డి మధ్యలో ఉంటుంది, 60 నుంచి 80 రెట్లు. కుప్ప వేసేటప్పుడు మొత్తం మీద 25 నుంచి 30 రెట్ల దగ్గరకు తెస్తే చక్కగా మాగుతుంది. చేతి లెక్కలో చెప్పాలంటే ఎనిమిది గంపల పేడకు ఒక గంప పొట్టు మించకూడదు. గడ్డి, ఎండాకు అయితే మూడు నాలుగు గంపలు వేయవచ్చు. పచ్చి ఆకు ఎంత దొరికితే అంత వేయండి. కానుగ, గ్లైరిసిడియా, వేప రొట్ట దొరికితే మీ కుప్ప అదృష్టం.

కుప్ప కనీసం మూడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉండాలి. చిన్న కుప్ప వేడెక్కదు. సరిగ్గా కుదిరితే నాలుగైదు రోజుల్లో లోపలి వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది. చేయి పెడితే రెండు క్షణాలు ఆగలేరు. ఆ వేడికే గడ్డి విత్తనాలు, తెగులు క్రిములు చచ్చిపోతాయి. వేడి తగ్గగానే తిరగేయండి. గుప్పెట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. ఇందోర్ పద్ధతి అని మా చదువుల్లో పాఠం ఉండేది. ఆంగ్లేయ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుంచి 1931 వరకు ఇందోరులో పనిచేస్తూ పశువుల పేడతో, పత్తికట్టెతో, రొట్టతో చేసిన పద్ధతి అది. ఆయన ముందున్న మాళవ నేల కూడా రేగడే కావడం వల్ల మనకు అది పరాయి పాఠం కాదు.

డాలస్‌పెరడు, మే 23

ఆకుకూరలు వేసేవారు పచ్చి పేడను అసలు దగ్గరకు రానివ్వకపోవడం మంచిది. ఇక్కడి సేంద్రియ సేద్యపు నియమాల ప్రకారం, తినే భాగం నేలకు తగిలే పంటకైతే పచ్చి పేడ కలిపిన తర్వాత కోతకు కనీసం 120 రోజులు, తగలని పంటకైతే 90 రోజులు గడవాలి. తోటకూర ముప్పై రోజుల్లో కోసేస్తాం కదా.

మిద్దెతోట (హైదరాబాద్), మే 24

ఇంత శ్రమ ఎందుకండీ? జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పిండి నీటిలో పులియబెట్టినది) పోస్తే నేలలో సూక్ష్మజీవులు లక్షలుగా పెరిగి నేల తనంతట తానే గుల్లబారుతుందని నేను వెళ్లిన తరగతిలో చెప్పారు. నేలను తవ్వడమే పాపమని కూడా అన్నారు. పైన గడ్డి పరిచి, పక్షానికొకసారి జీవామృతం పోస్తే సరిపోదా?

లెక్కలమాస్టారు, మే 24

200 లీటర్ల జీవామృతంలో 10 కిలోల పేడ ఉంటుంది, అది ఎకరానికి. పచ్చి పేడలో అయిదింట నాలుగు వంతులు నీరే. అంటే ఎకరానికి 2 కిలోల ఎండు పదార్థం, నత్రజని 40 గ్రాముల లోపు. బెల్లం, పిండి, మూత్రం కలుపుకున్నా కర్బనం లెక్కలో అది సోదిలోకి రాదు. తోడు అనుకుంటే సరే, పాలు లేకుండా తోడు ఒక్కటే పోస్తే పెరుగు రాదు.

పాతనాగలి, మే 25

మాస్టారి ఉపమానం బాగుంది. జీవామృతాన్ని నేను కాదనను. గడ్డి పరుపు మీద పోసినప్పుడు చివకడం వేగంగా సాగడం నేనూ చూశాను. తవ్వడం గురించి మాత్రం మిద్దెతోట గారితో సగం ఏకీభవిస్తాను. ఏళ్ల తరబడి ట్రాక్టరు తొక్కి, ఆపైన ఇల్లు కట్టేటప్పుడు లారీలు తిరిగిన నేల అది. మొదటి ఏడాది ఒక్కసారి కదిలించక తప్పదు. ఆ తర్వాత తవ్వకుండా పైనే వేస్తూ పోవచ్చు, కిందికి దించే పని ఎర్రలు చూసుకుంటాయి.

కదిలించేది ఎప్పుడన్నది అన్నిటికంటే ముఖ్యం. రేగడికి పదును (తవ్వడానికి సరిపడే తడి) ఉండేది రెండు మూడు రోజులే. నాలుగు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ఉండ చేయండి. బొటనవేలితో నొక్కితే పొడిగా విరిగితే పదును. వేలి ముద్ర పడి ఉండ అలాగే ఉంటే ఇంకా తడి. తడిలో పార వేస్తే ఆ బెడ్డలు సంక్రాంతి దాకా పగలవు.

పిల్లిపెసర (ప్రొద్దుటూరు), మే 26

పెంట ధర భారమన్నారు కాబట్టి నేనొక దారి చెబుతాను. జీలుగ అనే పచ్చిరొట్ట పైరు చల్లండి. ఎకరానికి 10 నుంచి 12 కిలోలు చల్లుతారు. పెరట్లో ఒత్తుగా ఉండటం మేలు కనుక 3 సెంట్లకు అర కిలో తీసుకోండి. మృగశిర వానలకు చల్లితే 45 రోజులకు నడుము దాటి ఎదుగుతుంది. పూత మొదలయ్యే ముందు కోసి, కొడవలితో జానెడు ముక్కలుగా నరికి, పదునులో కలిపేయాలి. పూత దాటనిస్తే కాండం కట్టెగా మారి మట్టిలో చివకదు. కలిపిన తర్వాత రెండు మూడు వారాలు ఆగి నారు నాటాలి. జనుము కూడా మంచిదే, నేను ఎక్కువగా వాడేది అదే. కాని అది నీటి నిల్వకు ఓర్వదు, జీలుగ ఓరుస్తుంది. రెండు రోజులు నీరు నిలిచే పెరటికి జీలుగే. దాని వేరు లోతుకు దిగి, చచ్చిన తర్వాత ఆ దారినే నీరు దిగుతుంది. ఇది నేను గునపంతో తవ్వి చూసిన విషయం.

రేగడిపెరడు, మే 27

పని క్రమం ఇలా అనుకున్నాను: ఇప్పుడే పేడ, గడ్డి, కాస్త పొట్టుతో కుప్ప వేస్తాను. తొలకరికి రెండు సెంట్లలో జీలుగ, మిగిలిన సెంటులో మడులు చేసి కొన్న పెంట వేసి బెండ, గోరుచిక్కుడు. భాద్రపదంలో జీలుగ నేలలో వంగ, టమాటా. తప్పులుంటే చెప్పండి.

పాతనాగలి, మే 27

తప్పు లేదు. వంగ నాటే గుంటలో మీ కుప్ప ఎరువుతో పాటు గుప్పెడు వేప పిండి వేయండి, నులిపురుగు బాధ తగ్గుతుంది.

రేగడిపెరడు, డిసెంబర్ 8

ఆలస్యానికి మన్నించండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. జీలుగ బ్రహ్మాండంగా వచ్చింది, కాని కలపవలసిన వారంలో ముసురు పట్టి పదును దొరకలేదు. కలిపేసరికి 58 రోజులయింది. పిల్లిపెసర గారు హెచ్చరించినట్టే కాండాలు గట్టిపడ్డాయి, ఇప్పటికీ కొన్ని పుల్లలు పారకు తగులుతున్నాయి. మొదటి కుప్ప వేడెక్కలేదు. రంపపు పొట్టు ఉచితం కదా అని ఎక్కువ వేశాను. మళ్లీ పేడ కలిపి తిరగేశాక నాలుగో రోజుకు పొగలు వచ్చాయి, చూసి మా నాన్నగారు నీళ్లు పట్టుకుని పరుగెత్తారు.

అక్టోబరులో గట్టి వాన పడినప్పుడు మడుల మీద నీరు నిలవలేదు. కాలువల్లో మాత్రం ఒక పూట నిలిచి పోయింది. వంగ ఒక్క మొక్క కూడా చావలేదు. నిరుడు రాయిలా ఉన్నచోట ఇప్పుడు చేతితో కలుపు లాగితే వేరుతో సహా వస్తోంది.

ఒక్క చోట మాత్రం ఏమీ మారలేదు. ఈశాన్య మూలలో పది అడుగుల మేర టమాటా లేత ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. అక్కడ కూడా అంతే పెంట వేశాను, అంతే గడ్డి పరిచాను. ఇంకా పెంట వేయమంటారా?

పాతనాగలి, డిసెంబర్ 8

వేయవద్దు. లేత ఆకు పసుపు, ఈనెలు పచ్చ అంటే ఇనుప ధాతువు అందడం లేదు. సున్నం ఎక్కువైన చోట నేలలో ఇనుము ఉన్నా వేరుకు దొరకదు. తాత్కాలికంగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంకాలం ఆకుల మీద పిచికారీ చేయండి. కాని నాకు వేరే అనుమానం ఉంది. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు, సున్నం ఎక్కడ కలిపారు?

రేగడిపెరడు, డిసెంబర్ 11

ఈ రోజు మనిషిని పెట్టి ఆ మూల తవ్వించాను. అడుగు లోతున నాలుగు అంగుళాల మందాన గడ్డకట్టిన సిమెంటు పలక, దాని కింద పగిలిన ఇటుకలు, ఒక సున్నపు బస్తా సగం. మేస్త్రీ గారిని పిలిచి చూపించాను. ఏమీ అనలేదు. ఇరవై ఆరు గంపలు బయటకు మోయించాము, ఇంకా ఉన్నట్టుంది. ఆ గుంటను పక్క చేని మట్టి, కుప్ప ఎరువు సగం సగం కలిపి నింపి, వచ్చే తొలకరికి అక్కడ కూడా జీలుగ చల్లుతాను.

పిల్లిపెసర, డిసెంబర్ 11

ఈసారి నలభయ్యో రోజునే కోసేయండి. ముసురుకు మన క్యాలెండరుతో పని లేదు.